మిషను ఆగిన పన్నెండు నిమిషాలు

"తాడు కోసింది నేనే" అన్నాడు బావమరిది.

ఆ మాట అతను అనడం అప్పటికి నాలుగోసారి. మొదటిసారి అన్నప్పుడు కానిస్టేబులు రాసుకున్నాడు. రెండోసారి ఇన్‌స్పెక్టరు విన్నాడు. మూడోసారి సంతకం పెట్టించుకున్నారు. నాలుగోసారి వింటున్న పెద్దమనిషి మాత్రం జేబులోంచి కొలత టేపు తీసి, వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆయన్ని అందరూ టేపు మాస్టారంటారు. ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో భూములు కొలిచి, రిటైరయ్యాక మనుషుల మాటలు కొలవడం మొదలుపెట్టాడు. డిటెక్టివ్ అని బోర్డు పెడితే ఇంటి ఓనరు ఊరుకోడని "విచారణలు" అని రాయించుకున్నాడు. దానివల్ల రోజుకు ఇద్దరైనా వచ్చి బస్సు టైములు అడిగి పోతుంటారు. ఆయన కూడా విసుక్కోకుండా చెప్పి పంపుతుంటాడు.

స్టేషన్లో గోడ గడియారం ఒంటిగంటా యాభై చూపిస్తోంది. నాలుగింటికి కోర్టుకు వ్యాను బయలుదేరుతుంది. అందులో ఈ బావమరిది ఉంటాడా, ఉండడా అన్నదే ఇప్పుడు తేలాల్సిన సంగతి. నేరం చిన్నదేం కాదు. సొంత అక్క మొగుణ్ని చెట్టు మీదినుంచి పడేసి చంపబోయాడని కేసు.

ఆ అక్కే మాస్టార్ని పట్టుకుంది. ఒంటిగంటకు ఆస్పత్రి వరండాలో, ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంటే, ఆవిడ ఏడవకుండా చెప్పింది. "లోపల ఆయన ఉన్నారు. అక్కడ తమ్ముడున్నాడు. వాడు చేశాడంటే ఇద్దరూ పోయినట్టే నాకు. వాడు చెయ్యలేదని తేల్చండి. చేశాడనే తేలితే మాత్రం ముందు నాకే చెప్పండి, ఇంకొకళ్ల నోట వినలేను." అలాంటి మాట విన్నాక ఫీజు సంగతి మాట్లాడేంత మొండి గుండె మాస్టారికి లేదు.

"ఎప్పుడు కోశావు?" అడిగాడు మాస్టారు.

బావమరిది బల్ల అంచును గోటితో గీకాడు.

"ఆయన పడకముందా, పడ్డాకా?"

బావమరిది గడియారం వైపు చూశాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, గట్టి భుజాలు, నోరు మాత్రం కుట్టేసినట్టుంది. "బావ మాట్లాడాడా?" అని అడిగాడు.

"ఇంకా ఆపరేషన్ జరుగుతోంది."

అతను తల వంచుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "చూశారా బావగారూ, వాడి భయమంతా ఆయన కళ్లు తెరిచి ఏం చెబుతాడోనని."

బావగారూ అనడంలో వెటకారం లేదు. ఇన్‌స్పెక్టరు కొడుక్కి మాస్టారి కూతుర్నిచ్చారు. ఆయన పట్టుకున్న కేసులో ఈయన వేలు పెట్టడం ఇది మూడోసారి. వియ్యంకులు కాబట్టి పైకి మర్యాద తప్పరు, లోపల మాత్రం ఉప్పూ నిప్పూ. వద్దని మాస్టార్ని బయటికి పంపేద్దామా అంటే, రాత్రి భోజనాల వేళకల్లా ఆ కబురు ఫోన్లో రెండు వంటిళ్లూ చుట్టేస్తుంది. అందుకని ఇన్‌స్పెక్టరు పళ్లు బిగించి కుర్చీ వేయించాడు.

"చేతులు చాపు బాబూ" అన్నాడు మాస్టారు.

బావమరిది చాపాడు. రెండు చేతులకీ లోపలివైపు, మణికట్టు నుంచి మోచేయి దాకా సన్నటి గీరుళ్లు. చొక్కా ముందు భాగమంతా పచ్చటి పసరు మరకలు. కాలర్లో రెండు ఆకు ముక్కలు.

"పెనుగులాట" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఒకడు చెట్టు మీద, ఒకడు నేల మీద. నిచ్చెన వేసుకుని పెనుగులాడారా బావగారూ?"

ఇన్‌స్పెక్టరు ఫైలు తెరిచి టైములు చదివాడు, మాస్టారు అడక్కుండానే. గ్రంథాలయం పునాది కిందికి వేళ్లు పోతున్నాయని వెనకున్న పెద్ద చెట్టును ముక్కలు ముక్కలుగా దించుతున్నారు. పని ముగ్గురిది: పైకెక్కి కోసే బావ, కింద కొమ్మలు లాగే బావమరిది, ఇద్దరి మీదా మేస్త్రి. పదీ యాభైకి మేస్త్రి పెట్రోలు కోసం వెళ్లాడు. పదకొండూ ఐదుకి పైవాడికీ కిందివాడికీ గట్టిగా మాటలు పెరగడం గ్రంథాలయంలోవాళ్లు విన్నారు. పదకొండూ ఎనిమిదికి కొమ్మలు తురిమే మిషను ఆగింది. పదకొండూ ఇరవైకి బావ పడ్డాడు. పదకొండూ ముప్పై రెండుకి ఆంబులెన్సు వచ్చి, చోటు లేదని ఇతన్ని వదిలేసి నలభై ఒకటికి వెళ్లింది. పన్నెండూ పదికి పోలీసులు చేరేసరికి తాడు చెట్టు మొదట్లో కత్తితో నున్నగా కోసి ఉంది, ఆ కత్తి ఇతని జేబులో ఉంది.

"మిషను ఎనిమిదికి ఆగింది, మనిషి ఇరవైకి పడ్డాడు. ఆ పన్నెండు నిమిషాలు ఏం చేశావని అడిగితే చెప్పడు. నేను చెప్పనా? ధైర్యం కూడగట్టుకున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బావ బతుకు కోరేవాడు బావమరిది అని సామెత" అన్నాడు మాస్టారు.

"సామెతలు సెక్షన్లలో ఉండవు బావగారూ."

మాస్టారు లేచి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు అబద్ధం చెప్పడం లేదు. సగం చెప్పి ఆగిపోతున్నావు. ఆ మిగతా సగం ఎవరిదో కనుక్కుని వస్తాను." అతని భుజం ఆ చేతికింద ఒక్కసారి వణికింది. అది చూశాక మాస్టారికి కొంచెం ఊపిరి ఆడింది. దోషులు ఓదారిస్తే వణకరని ఆయన నమ్మకం. నమ్మకాలకు కోర్టులో విలువ లేదని కూడా ఆయనకు తెలుసు.

రెండూ ఇరవై ఐదుకి ఇద్దరు వియ్యంకులూ ఒకే జీపులో, చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ, గ్రంథాలయం వెనక పెరట్లో దిగారు. మేస్త్రి అక్కడే రాతి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పెద్దవాడు, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. వాటి గురించి ఎవరూ అడక్కముందే రంపం పేరు, సంవత్సరం చెప్పేస్తాడట.

"చెట్టు ఎక్కడమంటే ఏమిటో నాకు మొదటి తరగతి పాఠంలా చెప్పు" అన్నాడు మాస్టారు.

మేస్త్రి లేచి పైకి చూపించాడు. "అదుగో సార్, నలభై అడుగుల మీద ఆ పంగ. తాడు దాని మీదుగా వేస్తాం. ఒక కొస ఇక్కడ చెట్టు మొదట్లో కడతాం. రెండో వైపు పైవాడు తన నడుముకట్టు ముడితో పట్టుకుని వేలాడతాడు. ఈ కిందిముడి ఊడితే పైవాడు పోయినట్టే. అందుకే కింద ఉండేవాడు సొంత మనిషి అయి ఉండాలంటాం."

"అదీ సంగతి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కిందిముడి దగ్గర కోశాడు, పైవాడు పడ్డాడు. ఇంకేం కావాలి బావగారూ?"

చెట్టు మొదట్లో కట్టిన ముడి అలాగే ఉంది. దాని పైన రెండు జానల దగ్గర నారింజరంగు తాడు తెగి ఉంది. తెగిన రెండో కొస పక్కనే గడ్డి మీద పడి ఉంది. అక్కణ్నుంచి తాడు పైకి పోయి, పంగ మీద ఇరుక్కుని, అవతలివైపు కొంచెం దిగి ఆగిపోయింది. మాస్టారు తల పైకెత్తి, కళ్లజోడు సర్దుకుని, మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. అవతలివైపు తాడు కొస నేలకు పాతిక అడుగుల ఎత్తున గాలికి ఊగుతోంది.

"బావగారూ, మీ టోపీ ఒకసారి ఇస్తారా?"

"ఎందుకు?"

"తిరిగిచ్చేస్తాను."

మాస్టారు టేపు బారుగా లాగి, గ్రంథాలయం కిటికీ అడ్డచువ్వ మీదుగా వేశాడు. ఒక కొసకు ఇన్‌స్పెక్టరు టోపీ కట్టి, రెండో కొస తన బొటనవేలి కింద గోడకు అదిమిపెట్టాడు. టోపీ గాల్లో వేలాడింది. "టోపీ అంటే పైవాడు. నా వేలు కిందిముడి. ఇప్పుడు కోస్తున్నాను" అని వేలు తీసేశాడు. టోపీ దబ్బున మట్టిలో పడింది. వేలి కింద ఉన్న కొస సర్రున పైకి లేచి చువ్వ దాకా పోయింది.

ఇన్‌స్పెక్టరు ముందు టోపీ తీసి దులుపుకున్నాడు. తర్వాత ఆ టేపు కొస వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"మనిషి బరువు తాడు మీద ఉండగా కింద కోస్తే, ఈ కొస ఇరవై అడుగులు పైకి ఎగిరిపోవాలి. ఇది గడ్డి మీద పడుకుని ఉంది" అన్నాడు మాస్టారు. "పైగా ఆ పంగ అవతల ఇంకో తెగిన కొస ఊగుతోంది, చూడండి. తాడు రెండు చోట్ల తెగింది. మనిషి ఒక్కసారే పడ్డాడు. పైన తెగినప్పుడు పడ్డాడు. కింద కోసేటప్పటికి ఆ తాడు మీద ఎవరూ లేరు."

"అయితే పడ్డాక కొయ్యడం దేనికి? సాక్ష్యం మాయం చెయ్యడానికే కదా."

మాస్టారు మేస్త్రి వైపు తిరిగాడు. "పాడైన తాడును మీరేం చేస్తారు?"

"ముక్కలు చేస్తాం సార్."

"ఎప్పుడు?"

"అప్పుడే. రేపు చేద్దామనుకుంటే ఎల్లుండి ఎవడో దాన్నే చుట్ట చుట్టుకుని ఎక్కుతాడు. మనిషిని పడేసిన తాడు ఒక్క గంట కూడా బతక్కూడదు. చెట్టు పనికి వచ్చినవాడికి ముడి వెయ్యడం కంటే ముందు నేర్పేది అదే. నేను వచ్చేసరికి కింద కోసేసి ఉంది. మిగతాది కిందికి లాగి నేనే ముక్కలు చేద్దును, ఈలోగా మీవాళ్లు వచ్చి ముట్టుకోవద్దన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరు పోట్లాట గురించి అడిగారు సార్. తాడు గురించి అడగలేదు."

మాస్టారు నవ్వు ఆపుకోవడానికి గడ్డి వైపు చూశాడు. ఆంబులెన్సులో చోటు లేదని వదిలేసి వెళ్తే, ఏం చెయ్యాలో తోచని మనిషి చేతులు తమకు అలవాటైన పని చేశాయి. అదే ఉరితాడై మెడకు చుట్టుకుంది.

అయితే పైన ఎవరు కోశారు? అక్కడ ఉన్నది బావ ఒక్కడే. మాస్టారు ఫోను తీసి ఆస్పత్రిలో ఉన్న అక్కకు చేశాడు.

"అమ్మా, మీ ఆయన ఒంటిమీద నుంచి తీసిన సామాను సంచి నీ దగ్గరుందా?"

"నా కాళ్ల దగ్గరే ఉందండీ."

"నడుముకట్టుకు ముడి ఉంటుంది. ముడి పైన తాడు కొస ఎలా ఉందో చూసి చెప్పు."

కాసేపు సంచి గలగల వినిపించింది. "ఒక పక్క కొంచెం నున్నగా తెగింది. మిగతాదంతా దూదిలా పిగిలిపోయిందండీ."

మేస్త్రి అది వింటూనే కళ్లు మూసుకున్నాడు. "చేతిరంపం" అన్నాడు. "బిగిసి ఉన్న తాడుకు పన్ను తగిలితే చాలు, నాలుగు పోగులు తెగగానే మిగతావి వాటంతట అవే పేలిపోతాయి."

"తన తాడు తనే కోసుకున్నాడనుకుందాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు పట్టు వదలకుండా. "మరి వీళ్లకు ఇంకో బెల్టు ఉంటుంది కదా, మానుకు చుట్టుకునేది. చేతిలో రంపం ఉంటే ఒంటికి రెండు కట్లు ఉండాలని ఇందాక ఈ మేస్త్రే చెప్పాడు. తాడు తెగినా బెల్టు ఆపాలి. ఆపలేదంటే దాన్ని ఎవరో పాడు చేసి ఉండాలి."

ఆ మాటలో న్యాయం ఉంది. మాస్టారు ఫోన్లో మళ్లీ అడిగాడు. "బెల్టు కూడా ఉందా అమ్మా? రెండు వైపులా ఇనుప కొక్కేలుంటాయి."

"ఉందండీ. బాగానే ఉంది, ఎక్కడా తెగలేదు. రెండు కొక్కేలూ కుడివైపు రింగులోనే ఉన్నాయి."

"రెండూ కుడివైపేనా? సరిగ్గా చూడు."

"రెండూ కుడివైపే."

మేస్త్రి బెంచీ మీద కూలబడ్డాడు. మానుకు చుట్టుకున్న బెల్టుకైతే ఒక కొక్కెం కుడి రింగులో, ఒకటి ఎడమ రింగులో ఉంటుంది. రెండూ ఒకవైపే ఉన్నాయంటే బెల్టు మడిచి పక్కకు తగిలించుకున్నాడన్నమాట. "కొమ్మ అడ్డం వస్తే బెల్టు విప్పి, పైకి జరిగి, మళ్లీ కట్టుకోవాలి సార్. వాడు మళ్లీ కట్టుకోలేదు. చిన్న కొమ్మే కదా, ఒక్క చేత్తో గీకేద్దామనుకుని ఉంటాడు. ఇరవై ఏళ్లు ఎక్కినవాళ్లే ఈ తప్పు చేస్తారు. కొత్తవాళ్లకు భయం ఉంటుంది, చెయ్యరు." తెగిన వేళ్ల మొదళ్లు నిమురుకున్నాడు. "ఇది రెండోసారి. పోయినేడాది బెల్టు లేకుండా తనిఖీవాళ్లకు దొరికితే హెచ్చరించి వదిలేశారు. ఈసారి తెలిస్తే చెట్టెక్కే లైసెన్సు పోతుంది."

మాస్టారు టేపు చుట్టడం మొదలుపెట్టాడు. బావమరిది దాచుకున్న సగం ఎవరిదో ఇప్పుడు తెలిసింది. పడ్డాక కోశానని చెబితే, మరి ఎందుకు పడ్డాడని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు బావ లైసెన్సును మింగేస్తుంది. అందుకని తనే జైలుకు పోవడానికి కూర్చున్నాడు ఆ మొండివాడు.

"సరే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో ఇందాకటి బిగువు లేదు, కానీ ఫైలు మాత్రం మూయలేదు. "రంపం ఏదీ? రంపం చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను. రెండోది, ఆ పన్నెండు నిమిషాలు. పోట్లాడిన మనిషి మిషను ఎందుకు ఆపాడు? ఆపి ఎక్కడికి పోయాడు?"

చెట్టు మొదటికి నాలుగడుగుల అవతల కొమ్మల కుప్ప ఉంది. పచ్చి ఆకుల కుప్ప, మధ్యలో మనిషి పడ్డచోట గుంటలా లోపలికి దిగి ఉంది. డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు, ఆకుల మీద పడ్డాడు కాబట్టి ఎముకలతో పోయిందని. మాస్టారు చొక్కా చేతులు మడిచి ఆ గుంటలోకి వంగి, ఒక్కొక్క కొమ్మే తీసి పక్కన పెట్టసాగాడు. ముళ్లు లేవుగానీ పుల్లలు మోచేతుల లోపల గీరుకుపోతున్నాయి. ఐదో కొమ్మ కింద వంపు తిరిగిన చేతిరంపం దొరికింది. పళ్ల సందుల్లో నారింజరంగు పోగులు ఇరుక్కుని ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు దాన్ని రుమాలుతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. జేబులోంచి కవరు తీసి అందులో పెట్టి, పైన టైము రాశాడు: రెండూ యాభై ఎనిమిది. ఆయన మొండివాడేగానీ, కళ్లెదుట కనిపించినదాన్ని కాదనే రకం కాదు. మాస్టారికి వియ్యంకుడి మీద ఆ క్షణంలో ప్రేమలాంటిదే కలిగింది.

"ఈ కుప్ప చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది" అన్నాడు మేస్త్రి. "కొమ్మ పడగానే లాగేసి మిషన్లో వెయ్యాలి. పైవాడి కింద నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. లక్షసార్లు చెప్పాను వాడికి. వాణ్ని ఇంకేమన్నా అనండి, బద్ధకస్తుడని మాత్రం ఇవాళే తెలిసింది."

"బద్ధకం" అన్నాడు ఇన్‌స్పెక్టరు, రాసుకోబోతూ.

మాస్టారు చేతిలో ఉన్న కొమ్మ వైపు చూశాడు. దాని మొదలు రంపంతో కోసినట్టు నున్నగా లేదు. నలిగి, నమిలినట్టుంది. కింద పెట్టి ఇంకోటి తీశాడు. దాని మొదలు బాగానే ఉంది. మూడోది మళ్లీ నమిలినట్టుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని కుప్పంతా కలియజూశాడు. పైనుంచి పడ్డ కొమ్మలైతే ఎటుపడితే అటు ఉండాలి. ఇవి ఒక వరస ఇటు, ఒక వరస అటు పరిచి ఉన్నాయి.

"మేస్త్రీ, ఈ మొదలు ఏం చేస్తే ఇలా అవుతుంది?"

మేస్త్రి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఇది మిషను నోరు పట్టింది సార్. లోపలికి లాక్కుంటుండగా ఆపేసి, వెనక్కి తిప్పితేగానీ బయటికి రాదు." తల ఎత్తి, పెరటి అవతలి మూలన ఉన్న మిషను వైపు చూశాడు. ఎంత లేదన్నా ముప్పై అడుగుల దూరం. "అక్కడ మిషను నోట్లో పెట్టిన కొమ్మ ఇక్కడికెలా వచ్చింది?"

మాస్టారు లేచాడు. మిషను దగ్గరికి నడిచి, దారిలో గడ్డి చూశాడు. గడ్డి మీద ఈడ్చిన చారలు చాలా ఉన్నాయి. పొద్దున్నటి పాత చారల్లో గడ్డి మిషను వైపుకి వాలి ఉంది. వాటి మీద పడ్డ కొత్త చారల్లో చెట్టు వైపుకి వాలి ఉంది. మిషను పక్కన ఇంకా రెండు మోపుల కొమ్మలు మిగిలి ఉన్నాయి. ఆయన అక్కడే నిలబడి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"ఏం దొరికింది బావగారూ?" అని కేకేశాడు ఇన్‌స్పెక్టరు.

"మీ పన్నెండు నిమిషాలు" అన్నాడు మాస్టారు. "పదండి స్టేషనుకి. ఇది అతని నోటితోనే వినాలి."

వాళ్లు వచ్చేసరికి మూడూ ముప్పై ఐదు. అక్క అప్పటికే అక్కడికి పరుగెత్తుకొచ్చింది. తమ్ముడికి ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి, ఒక కాలి చెప్పు తెగిపోయి, మొహం మాత్రం తేటపడి ఉంది.

"మూడుంబావుకి కళ్లు తెరిచారండీ" అంది మాస్టార్ని చూడగానే. "తొడలో రాడ్డు వేశారు. రెండు పక్కటెముకలు కూడా విరిగాయట. ప్రాణానికేం భయం లేదన్నారు. కళ్లు తెరవగానే వాడేడీ అని అడిగారు. పోలీసులు తీసుకెళ్లారంటే లేవబోయారు, ఇద్దరు నర్సులు పట్టుకోవాల్సి వచ్చింది. బెల్టు సంగతి చెప్పేయమన్నానని వాడితో చెప్పు, లైసెన్సు పోతే పోనీ అన్నారు. నర్సు చేత రాయించి వేలిముద్ర వేశారు." కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ఇన్‌స్పెక్టరు నిలబడే చదివాడు. ఐదు వాక్యాలు. రెండుసార్లు చదివాడు.

బావమరిది రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కానిస్టేబులు అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిపెట్టాడు.

"స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు సార్" అన్నాడు బావమరిది నీళ్లు తాగాక. "బెల్టు మాట ఎత్తకురా అన్నాడు. ఆయన బతుకుతాడో లేదో తెలీదు. అదే ఆఖరి మాట అవుతుందేమోనని..."

"అర్థమైంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కుర్చీ లాక్కుని అతనికి దగ్గరగా కూర్చున్నాడు. మొదటిసారి అతన్ని మీరు అన్నాడు. "ఒక్కటి మిగిలింది. మీరు పదకొండూ ఎనిమిదికి మిషను ఆపారు. ఇరవై దాకా ఏం చేశారు?"

బావమరిది అక్క వైపు చూశాడు, చెప్పాలా వద్దా అన్నట్టు. ఆమెకేమీ తెలియదు. మాస్టారు తల ఊపాడు.

"బెల్టు కట్టుకోమన్నాను సార్. చిన్న కొమ్మేలే అన్నాడు. మళ్లీ చెప్పాను. నాకు నేర్పుతావురా, నీ పని చూసుకో అని కసిరాడు. నేనెక్కి కట్టలేను, నాకు లైసెన్సు లేదు, రెండో తాడు కూడా లేదు. మేస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చూస్తూ ఎలా ఊరుకోను?" గీరుకుపోయిన తన చేతుల వైపు చూసుకున్నాడు. "మిషను ఆపేశాను. లోపలికి పోతున్నవి కూడా వెనక్కి లాగాను. ఉన్న కొమ్మలన్నీ కౌగిలించుకుని తెచ్చి ఆయన కింద పరిచాను. ఆయన పక్కకు జరిగితే నేనూ జరిపాను."

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. అక్క లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. తన మొగుడు దేని మీద పడి బతికాడో ఆమెకు డాక్టరు చెప్పాడు. ఎవరు పరిచారో ఇప్పుడు తెలిసింది.

"నా ఛాతీ దాకా వచ్చింది కుప్ప" అన్నాడు బావమరిది. "ఇంకో రెండు మోపులున్నాయక్కా, మిషను పక్కన. వాటికోసం వెనక్కి తిరిగాను. అప్పుడే పడ్డాడు. అవి కూడా తెచ్చి వేసుంటే కాలు విరిగేది కాదు."

మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం తిరగలేదు, కళ్లు తుడుచుకోవడం దాచుకోలేదు కూడా. మూడోసారి రాయించుకున్న ఆ సంతకం కాగితాన్ని ఫైల్లోంచి లాగి, అడ్డంగా గీత కొట్టి, కింద తన పేరు రాశాడు.

అక్క వచ్చి తమ్ముడి కాలర్లోంచి ఆకు ముక్కలు రెండూ తీసేసింది.

"కాలుదేముందిరా, అతుక్కుంటుంది" అంది. "నువ్వొస్తేగానీ మందు మింగనని కూర్చున్నారు మీ బావ అక్కడ. లే, పోదాం."

ఇన్‌స్పెక్టరు జీపు తాళాలు తీసుకుని వాళ్ల ముందు నడిచాడు.